రెండో మనిషి ముఖం

తాడిపత్రిలో నాకు తెలిసిన గిరి నడిపే బండల పాలిష్ మిషను పక్కన చిన్న గది ఒకటి ఉంది. గోడ అవతల రాయి కోసే రంపం రోజంతా అరుస్తూనే ఉంటుంది. కిటికీ చువ్వల మీద, కుర్చీల మీద, టీ గ్లాసుల అంచుల మీద తెల్లని రాతిపొడి సన్నగా పేరుకుంటుంది. 2005 మే నెలలో ఒక ఆదివారం మేము ముగ్గురం ఆ గదిలో కూర్చుని, బొమ్మలు గీయడానికి ఏ సాఫ్ట్‌వేర్ మంచిదో తేల్చే పనిలో పడ్డాము.

గిరి బెంగళూరు నుంచి కొత్త తరహా కంప్యూటరు ఒకటి తెచ్చాడు. దాని తెరను తిప్పి వెనక్కి మడిస్తే పలకలా చదునుగా పడుకుంటుంది. దానితోపాటు ఇచ్చిన కలంతో తెర మీదనే గీయవచ్చు. గచ్చు నమూనాలను గిరాకీలకు గీసి చూపడానికి కొన్నాడు గానీ, నన్ను పిలిపించింది వేరే పనికి.

"ఏం సార్, ఈ వయసులో మళ్లీ పలకా బలపమా?" అన్నాడు ఓబుళేసు. గిరి జీపు తోలేది అతడే. గిరికి కుడిభుజం కూడా అతడే. ఎడమ కనుబొమ్మను రెండుగా చీలుస్తూ ఒక పాత గాటు ఉండడం వల్ల, అతడు ఎప్పుడూ సగం ఆశ్చర్యపోతున్నట్టు కనిపించేవాడు. "నాకు గూడా ఓనమాలు దిద్దియ్యండి. నా పెండ్లాం మారెక్క సంతోషపడ్తాది."

"నువ్వు ఓనమాలు నేర్చినావంటే రేపు నన్నే డ్రైవరుగా పెట్టుకుంటావు. వద్దులేప్పా," అన్నాడు గిరి.

గిరిది యాడికి అనే ఊరి అవతల నల్లగుట్టపల్లెలో భూములున్న కుటుంబం. ఎనిమిదేళ్ల కిందట అతని అన్న నారాయణను పొలం గట్టు మీద నరికి చంపారు. వచ్చినవారు ముఖాలకు టవళ్లు చుట్టుకున్నారు. ఎవరన్నది కోర్టులో తేలలేదు. కర్మలు ముగిసిన రోజున తల్లి బయమ్మ గిరి చేతిని తన తల మీద పెట్టించుకుని ఒట్టు వేయించుకున్నది: కత్తి పట్టడు, ఎవరు చంపారని అడగడు. గిరి ఊరు విడిచి తాడిపత్రి చేరి మిషను పెట్టుకున్నాడు. ఆ ఇంట్లో మిగిలిన మగవాడు అతనొక్కడే. చంపకుండా, చావకుండా అతడైనా బతకాలన్నది ఆ తల్లి కోరిక. అతని కోరిక కూడా అదేనని నేను ఇప్పటికీ నమ్ముతాను.

వారి పొలంలో ఒక వీరగల్లు ఉంది. పోరులో చచ్చినవాని జ్ఞాపకంగా నిలిపిన రాయి. ఎండకు, వానకు అది పొరలు పొరలుగా రాలిపోతున్నది. దాని బొమ్మను ఉన్నదున్నట్టు గీసి ఇస్తే, మిషను మీద కొత్త రాతి మీద చెక్కించి పక్కన నాటాలని గిరి ఆలోచన.

"అన్న పోయినాక మా అమ్మ ఆ రాతి దగ్గరికి పోయే ఏడుస్తాది సార్. అది గూడా రాలిపోతే ఆయమ్మకు ఏముంటాది?"

సున్నపురాయి గనుల సర్వే ఆఫీసులో నక్షాలు గీయడం నా ఉద్యోగం. సెలవు దొరికితే వీరగల్లులను వెతికి నమోదు చేయడం నా వ్యసనం. గిరి అడిగినప్పుడు వెంటనే ఒప్పుకున్నాను.

కంప్యూటరులో మూడు రకాల సాఫ్ట్‌వేర్ వేయించి తెచ్చాడు. మొదటిది చేతి వణుకును సరిదిద్దుతుంది. ఏళ్ల తరబడి పాలిష్ మిషను పట్టుకున్నందువల్ల గిరి చేతులు నిలకడగా ఉండవు. టీ గ్లాసు పట్టినా సాసరు మీద గలగలమంటుంది. అటువంటి చేత్తో అతడొక సున్న చుడితే, తెర మీద నిండు చందమామ వచ్చింది. చిన్నపిల్లవానిలా నవ్వాడు.

"ఇదే బాగుండాది సార్!"

"ఇది వద్దు గిరీ. నీ చెయ్యి గీయని గీతను ఇది గీస్తోంది. శాసనం నకలు తీసేవాడు రాతి మీద లేని అక్షరాన్ని చేర్చడం వంటిది."

రెండవది రంగులకు గొప్పది. నూనె రంగులు, నీటి రంగులు, కాగితపు గరుకుదనంతో సహా అన్నీ ఉన్నాయి. కానీ గీత అంచు తడిగోడ మీద సున్నంలా చెదిరిపోతున్నది. ఉలిదెబ్బకు అంచే ప్రాణం. దాన్నీ పక్కన పెట్టాను.

మూడవదానికి ఆర్భాటం లేదు. చెయ్యి వణికితే గీత వణుకుతుంది. కళ్లతో చూసి గీసినదాన్ని ఒక పొర మీద, ఊహించి గీసినదాన్ని వేరొక పొర మీద ఉంచుకోవచ్చు. అన్నిటికంటె ముఖ్యంగా, మనం గీసిన ప్రతి గీతనూ అది గుర్తు పెట్టుకుంటుంది. తరువాత ఒక మీట నొక్కితే మొదటి గీత నుంచి చివరి గీత దాకా అదే వరుసలో, అదే ఒత్తిడితో, మన కళ్ల ముందే మళ్లీ గీసి చూపుతుంది. చరిత్ర రాసేవానికి ఇంతకంటె నమ్మకమైన సాక్షి ఎక్కడ దొరుకుతాడు?

"అంటే మనం చేసిందంతా మళ్లా చూపిస్తాదా?" ఓబుళేసు కనుబొమ్మ ఇంకొంచెం పైకి లేచింది. "పోలీసోళ్లకు దొరక్కుండా చూసుకోండి సార్."

ముగ్గురం నవ్వాము. మూడవదాన్నే ఎంచుకున్నాము.

*

అరిగిన రాయిని చదవడానికి పగటి వెలుతురు పనికిరాదు. ఎండ నిటారుగా పడితే చెక్కడం చదునైపోతుంది. పొద్దుగూకిన తరువాత ఒక పక్క నుంచి, రాతి ముఖాన్ని ఒరుసుకుంటూ దీపపు వెలుగు పడాలి. అప్పుడే లోతులు నీడలుగా లేచి నిలుస్తాయి. అందుకని మరుసటి వారం సాయంత్రం నల్లగుట్టపల్లె చేరాము.

బయమ్మ వాకిట్లో చేట పట్టుకుని శెనక్కాయలు ఏరుతున్నది. సంగతి విని చేట దించింది.

"గీసుకోండి సారూ. అయితే రెండో మనిషి మొగం జోలికి మాత్రం పోవద్దండి."

ఆ రాతి మీద ఇద్దరు మనుషులున్నారు. కుడివైపు కత్తి ఎత్తినవాడు వీరుడు, ఆ ఇంటి పూర్వీకుడు. ఎడమవైపు వానిని చంపినవాడు. ఏటా రాతికి నూనె పోసే దినాన ఆ ఇంటి ఆడవారు ముందుగా వెళ్లి, రెండో మనిషి ముఖానికి ఎర్రమన్ను మెత్తి వస్తారట. ఆ మన్ను ఆరిన తరువాతనే మగవారు రాతి దగ్గరికి రావాలి.

"ఎందుకమ్మా?" అని అడిగాను.

"మొగం కనబడితే పేరు తెలుస్తాది. పేరు తెలిస్తే చెయ్యి ఊరుకోదు. అందుకని."

నాకు ఆ మాట ఎంతో నచ్చింది. ఒకప్పుడు రెండు కుటుంబాలు రాజీ పడినప్పుడు పెట్టుకున్న షరతు అయి ఉంటుందని ఊహించాను. పగను మరిచిపోవడానికి పెద్దలు కనిపెట్టిన తెలివైన ఉపాయం.

"ఆ మన్ను కింద ఏముందమ్మా?"

"మేము కండ్లు మూసుకోనే మెత్తుతాము." ఆమె మళ్లీ చేట అందుకున్నది. "చూసినోళ్లు యాడుండారు సారూ, చెప్పేదానికి?"

*

వీరగల్లు పొలం చివర కంపచెట్ల నడుమ ఉంది. ఓబుళేసు మచ్చుకత్తితో కంప నరికి దారి చేశాడు. తెగిన కొమ్మల పచ్చివాసన, నెలల తరబడి చినుకు చూడని నేల నుంచి లేచే వేడి దుమ్ము... దూరంగా ఎవరి పొలంలోనో బోరు బండి నేలను తొలుస్తున్నది. గుండె కొట్టుకున్నట్టు ఆగకుండా అదే మోత. నీళ్లు పడలేదు కాబోలు, రాతిపొడి తెల్లని పొగలా లేచి సందెచీకటిలో కలిసిపోతున్నది.

చీకటి చిక్కబడింది. జీపు బ్యాటరీకి తీగ తగిలించిన దీపాన్ని పట్టుకుని ఓబుళేసు రాతి పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. నేను చెప్పినట్టు దీపాన్ని రాతి అంచుకు ఆనించాడు. వెలుగు రాతిని ఒరుసుకుంటూ పాకింది. అప్పటిదాకా ఏమీ కనిపించని చోట వీరుని మోకాలు లేచింది. నడుము పట్టీ లేచింది. కత్తి లేచింది.

గిరి నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటే, నేను అతని పక్కన కూర్చుని గీయసాగాను. చాలాసేపు కలం తెరను రాసే చప్పుడు, బోరు మోత తప్ప మరేమీ లేదు. వీరుడు పూర్తయినాడు. రెండో మనిషి కాళ్లు, నడుము, ఎత్తిన చెయ్యి పూర్తయినాయి. మెడ దగ్గర ఆగాను. ఆ పైన ఎండి బిగిసిన ఎర్రమన్ను ముద్ద.

"మొగం లేకుంటే కొత్త రాయి మొండిగా ఉండదా సార్?" అన్నాడు గిరి.

"ఖాళీగా వదిలేద్దాం. మీ అమ్మ మాట ఉంది కదా."

"మన్ను కింద రాయే గదా సార్. దెయ్యాల్లేవు, గియ్యాల్లేవని మీరే చెప్తిరి."

నేను వద్దనలేదు. ఆధారం చేతికందే దూరంలో ఉన్నప్పుడు వద్దనే అలవాటు నాకు లేదు.

గిరి లేచి నీళ్ల సీసా మూత తీశాడు. మన్ను నీళ్లు తాగి ఉబ్బింది. జారింది. మొదట తొలకరి వాసన వచ్చింది. ఆ వెనుకనే మరొక వాసన... ఆదివారం ఉదయం కసాయి అంగడి ముందు నడిస్తే ముక్కుకు తగిలే ఇనుప వాసన. నీళ్లు కారుతున్న చోట ముఖం లేదు. ఉలితో కసిగా కొట్టి చెరిపేసిన గుంటలు మాత్రమే ఉన్నాయి.

"చూశావా? ఏమీ లేదు," అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది.

"కలం ఈ పొద్దుకు నాకియ్యండి సార్. ఈ గుంటలన్నా నేను గీస్తా."

కొత్త పొర తెరిచి ఇచ్చాను. లేచి అతని వెనుక నిలబడ్డాను. గిరి రాతిని చూస్తూ గీయడం మొదలుపెట్టాడు.

మొదట నేను గమనించింది గీతను కాదు. అతని చేతిని. అది వణకడం లేదు.

మేము ఎంచుకున్న సాఫ్ట్‌వేర్ వణుకును సరిదిద్దదు. నేనే పరీక్షించి చూశాను. అయినా నల్లని గీతలు నిశ్చలంగా, ఎంతో కాలంగా తెలిసిన దారిలో నడుస్తున్నట్టు సాగుతున్నాయి. నుదురు. దవడ. ముక్కు. గిరి తెర వంక చూడడం లేదు. రెప్ప వేయడం లేదు. కలం మాత్రం కదులుతున్నది...

బోరు మోత ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దంలో కలం ఎడమ కనుబొమ్మను గీసింది. దాని నడుమ, నింపాదిగా, ఒక గాటు పెట్టింది.

గిరి తల దించి తెర చూశాడు. తల ఎత్తాడు. దీపం వెనుక, కింది నుంచి పడే వెలుగులో, ఓబుళేసు ముఖం అదే వాలులో, అదే నీడలతో ఉంది. తెర మీది ముఖానికి, ఆ ముఖానికి మధ్య నేను ఏ తేడా కనిపెట్టలేకపోయాను.

"ఏమన్నా, అట్ల చూస్తాండావు?" ఓబుళేసు నవ్వాడు. తెర అటువైపు తిరిగి లేదు. అతనికి ఏమీ కనిపించదు. "నా మొగం మీద ఏమన్నా పురుగు పాకుతాందా?"

గిరి గుసగుసగా అడిగాడు.

"ఆ పొద్దు... టవలు యాడ పారేసినావురా?"

"ఏ టవలన్నా?"

మచ్చుకత్తి కంప కుప్ప పక్కనే ఉంది. గిరి దాని కోసం వెతుక్కోలేదు. చెయ్యి తనంతట తానే వెళ్లి అందుకున్నది.

మొదటి దెబ్బ దీపం పట్టుకున్న చేతి మీద పడింది. దీపం దొర్లింది. చెయ్యి దానితోపాటు కొంత దూరం దొర్లింది. ఓబుళేసు అరవలేదు. మణికట్టు లేని చేతిని ముఖం ముందు పెట్టుకుని, అర్థం కానట్టు చూశాడు. రెండో దెబ్బ భుజానికి, మెడకు మధ్య దిగింది. పచ్చికొమ్మ నరికిన చప్పుడే. అదే చప్పుడు సాయంత్రం నుంచి వింటున్నాను. అతడు నా వైపు పాకాడు... మోచేతుల మీద...

"సార్... చెప్పండి సార్..."

నేను గిరి నడుము పట్టుకుని లాగాను. రాతిని లాగినట్టే ఉంది. అతని మోచెయ్యి నా పెదవి మీద తగిలి నోరంతా ఉప్పగా అయింది. మూడోది... నాలుగోది... ఆ తరువాత నేను చూడలేదు. విన్నాను. నేల మీద పడ్డ దీపం వెలుగులో మచ్చుకత్తి పైకి లేవడం, దిగడం వీరగల్లు మీద నీడగా కదిలింది. ఆ చెయ్యి ఒక్కసారైనా వణకలేదు.

రాతి మీద రక్తం చిమ్మి ఉంది. మరెక్కడా నిలవకుండా అది జారి, ముఖం లేని చోట ఉన్న ఉలి గుంటల్లోకి చేరుతున్నది. ఒక్కొక్క గుంటా నిండుతున్నది.

చివరికి గిరి చేతులు మళ్లీ వణకడం మొదలుపెట్టాయి. ఆ వణుకుకు కత్తి జారి పడింది.

"సార్... మీరు గూడా చూసినారు గదా?"

"చూశాను," అన్నాను. అది నిజం.

*

గిరి ఆ రాత్రే స్టేషనుకు వెళ్లి లొంగిపోయాడు. పోలీసులు కత్తిని, దీపాన్ని తీసుకున్నారు. నా సంచిలోని కంప్యూటరు పలకను అడగలేదు. నేను చెప్పవలసింది చెప్పాను. ఎవరు, ఎవరిని, దేనితో. ఎందుకు అన్న ప్రశ్నకు గిరి తానే జవాబిచ్చాడు: "మా అన్నను చంపినోడు వాడే."

ఓబుళేసు భార్య మారెక్క మరునాడు నా ఇంటికి వచ్చింది. లోపలికి రమ్మన్నా రాలేదు.

"నారాయణన్నను నరికిన దినం నా మొగుడు బళ్లారి ఆస్పత్రిలో నా మంచం పక్కన ఉండినాడు సార్. నాకు కాన్పు కష్టమై పోయింటిమి. ఇప్పుడు ఊర్లో నన్ను హంతకుని పెండ్లామంటాండారు. బయమ్మకు మీరన్నా చెప్పండి. మీరు ఆడే ఉంటిరి గదా."

ఆమె వెళ్లిన తరువాత తలుపు గడియ వేసి, పలక తెరిచి, మీట నొక్కాను.

నా గీతలు వరుసగా వచ్చాయి. వీరుడు. కత్తి. రెండో మనిషి కాళ్లు, నడుము. ఆపైన గిరి పొర. గీత మొదలైంది... వణుకుతూ. ప్రతి గీతా రంపపు పళ్లలా వంకరలు పోయింది. నుదురు లేదు, ముక్కు లేదు, కనుబొమ్మ లేదు. పిల్లలు గోడ మీద బొగ్గుతో గీసినట్టు గజిబిజి గీతలు. ఓబుళేసు ముఖం కాదు. ఏ ముఖమూ కాదు.

మళ్లీ నడిపాను. మళ్లీ అదే.

వివరణ కష్టం కాదు. అస్పష్టమైన గీతల్లో కన్ను ముఖాలను వెతుక్కుంటుంది. ఎదుట దీపం వెలుగులో ఒకే ఒక ముఖం ఉంది. ఇద్దరమూ దాన్నే చూశాము. ఓబుళేసు ఏ పాపమూ ఎరగడు. ఈ సంగతి బయమ్మకు చెప్పాలి. కొడుకును దక్కించలేను గానీ మారెక్కనైనా ఊళ్లో తలెత్తుకుని బతకనివ్వవచ్చు. పలక పట్టుకుని మధ్యాహ్నం బస్సుకు నల్లగుట్టపల్లె వెళ్లాను.

బయమ్మ వంటింటి గడప దగ్గర కూర్చుని ఉంది. ఆమె ఎదుట కూర్చుని, పలకను ఆమె ఒడిలో పెట్టి, మీట నొక్కాను.

"మీరే చూడండమ్మా. దీంట్లో ఎవరి ముఖమూ లేదు."

ఆమె చూసింది. గీతలు ఒకదాని వెంట ఒకటి రావడం ఆమె కళ్లలో చిన్నగా మెరుస్తున్నది. చివరి గీత వచ్చింది. ఆమె తల ఎత్తి నన్ను చూసింది. తెరను చూసింది. మళ్లీ నన్ను.

"నువ్వు గూడా... ఉండినావా సారూ?"

గొంతు చాలా మెల్లగా ఉంది. ఆమె కుడిచెయ్యి గోడ వెంబడి పాకుతున్నది. అక్కడ గడ్డి కోసే కొడవలి ఆనించి ఉంది. వేళ్లు పిడిని చేరాయి... అప్పుడు ఆమె ఎడమచెయ్యి లేచి కుడి మణికట్టును పట్టుకున్నది. రెండు చేతులూ పెనుగులాడాయి. గోళ్లు దిగి మణికట్టు నుంచి రక్తం కారింది. ఆమె కళ్లు గట్టిగా మూసుకున్నది.

"పో సారూ. నా చెయ్యి నా మాట ఇననట్టుండాది. పో!"

పలకను లాక్కుని బయటికి పరుగెత్తాను. బస్టాండు చేరేదాకా వెనక్కి చూడలేదు. బస్సులో, ఎవరూ లేని వెనుక సీటులో కూర్చుని తెర చూశాను. గజిబిజి గీతలు. ముఖం లేదు.

అయితే ఇది పరీక్షకు లొంగే విషయం. ఒంటరిగా చూస్తే ముఖం లేదు. ఎదుట మనిషి ఉంటే ముఖం ఉంది. దుఃఖంలో ఉన్న ఒక తల్లి, కోపంలో ఉన్న ఒక తమ్ముడు చూసినది సాక్ష్యం కాదు. ఏ పగా లేనివాడు, పట్టపగలు, మామూలు మనిషి ఎదుట చూడాలి. మొన్న ఆఫీసులో అన్నం వేళకు పలక తెరిచాను. ఎదుటి బల్ల దగ్గర ప్రణీత్ కూర్చుని పెరుగన్నం తింటున్నాడు. కొత్తగా వచ్చిన సర్వేయరు. నెమ్మదస్తుడు. అతనితో నాకు ఎన్నడూ మాట తేడా రాలేదు.

మీట నొక్కాను. చివరి గీత దాకా చూశాను. ముఖం ఉంది.

"ఏం సార్, నన్ను అట్ల చూస్తాండారు?" అన్నాడు ప్రణీత్, చేతిలో ముద్ద పట్టుకుని.

"ఏమీ లేదు," అన్నాను.

అతని మీద నాకు కోపం లేదని ఇక్కడ స్పష్టంగా నమోదు చేస్తున్నాను. పలకను గుడ్డలో చుట్టి అటక మీద పెట్టాను. నిన్న సెలవు పెట్టాను. ఈ ఉదయం నా భార్య పద్మప్రియ వంటింట్లో నుంచి కేక వేసింది.

"మచ్చుకత్తికి సాన ఎప్పుడు పట్టిస్తిరి? కొబ్బరికాయ కొట్టబోతే వేలు తెగింది. చెప్పేది లేదా?"

నేను పట్టించలేదు. పట్టించి మరిచిపోయి ఉండవచ్చు. అది సాధ్యమే.

చేతులు కడుక్కుందామని కుళాయి దగ్గరికి వెళ్లాను. నా గోళ్ల కింద, పది వేళ్లకూ, తడిసి గడ్డకట్టిన బూడిదరంగు సానరాతి పొడి ఉంది.